ఇంట్లో పాట రికార్డింగ్: ముందు ఏది మార్చాలి, సాఫ్ట్‌వేరా, మైకా, ఇంటర్‌ఫేసా?

బాత్రూంసింగర్
గిటార్ వాయిస్తూ పాడే పిచ్చి నాది. సంపాదన ఆలోచనేమీ లేదు, నేను వినడానికి, నలుగురు మిత్రులకి పంపడానికి అంతే. విండోస్ లాప్‌టాప్. ఆడాసిటీ అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ముందు గిటార్ ఒక ట్రాక్ రికార్డ్ చేసి, అది హెడ్‌ఫోన్‌లో వింటూ రెండో ట్రాక్‌లో పాడతాను. పాడుతున్నంతసేపూ లయ సరిగ్గానే ఉన్నట్టుంటుంది, తర్వాత రెండూ కలిపి వింటే గొంతు గిటార్ వెనక ఈడ్చుకుంటూ వస్తుంది. పైగా బావిలోంచి పాడినట్టు ఉంటుంది.

ఒకాయన ఆడాసిటీ పిల్లల బొమ్మ, తీసేసి ప్రో టూల్స్ పెట్టుకో అన్నాడు. ఇంకొకాయన సాఫ్ట్‌వేర్‌తో పనేముంది, కండెన్సర్ మైక్ (సన్న శబ్దాలు కూడా పట్టే రకం) కొను అన్నాడు. మూడో ఆయన ఇంటర్‌ఫేస్ (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే డబ్బా) లేకుండా మైక్ ఎలా కొంటావయ్యా అని తిట్టాడు. అన్నీ ఒకేసారి కొనే స్తోమత లేదు. వరసగా కొనాలంటే ఏది ముందు?

రీపర్‌రాజా
రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి. చర్చ ముగిసింది.

పాతటేపు
రాజా, ఇంకా మొదలే కాలేదు, అప్పుడే ముగించేశావు.

సింగర్ గారూ, నాలుగు విషయాలు చెప్పండి. ఇప్పుడు ఏ మైక్‌తో రికార్డ్ చేస్తున్నారు? అది నోటికి ఎంత దూరంలో ఉంటుంది? హెడ్‌ఫోన్లు ఏవి? గదిలో ఏమేం ఉన్నాయి? ఇవి తెలియకుండా ఏం కొనాలో చెప్పడం జ్వరం చూడకుండా మందు రాయడమే.

బాత్రూంసింగర్
మైక్ అంటే లాప్‌టాప్‌లో ఉన్నదే. బల్ల మీద ఉంటుంది, నేను గిటార్ పట్టుకుని చెయ్యి చాపినంత దూరంలో కూర్చుంటా. హెడ్‌ఫోన్లు బ్లూటూత్‌వి, మంచివే. గది ఖాళీ, ఒక బల్ల, కుర్చీ, నాలుగు గోడలు. ఫ్యాన్ ఆపేస్తాను లెండి, అంత తెలివి ఉంది.

తాళంతప్పినవాడు
బ్లూటూత్! దొంగ దొరికాడు.

మీరు సరిగ్గానే పాడుతున్నారు, లయ తప్పు మీది కాదు. లాప్‌టాప్‌లో గిటార్ ట్రాక్ మొదలైన క్షణానికి అది మీ చెవికి చేరదు. బ్లూటూత్‌లో ధ్వనిని కుదించి, గాల్లో పంపి, మళ్ళీ విప్పి వినిపించేసరికి 100 నుంచి 200 మిల్లీసెకన్లు పోవడం మామూలే, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. మీరు ఆలస్యంగా విన్న గిటార్‌కి సరిగ్గా తాళం కలిపి పాడుతున్నారు, సాఫ్ట్‌వేర్ మాత్రం మీ గొంతుని అసలు గిటార్ పక్కన పెడుతోంది. అందుకే పాడేటప్పుడు బాగుంటుంది, తర్వాత ఈడ్చినట్టుంటుంది. సినిమా చూసేటప్పుడు ఈ తేడా తెలియదు, ఎందుకంటే ప్లేయర్ బొమ్మని కూడా అంతే ఆలస్యం చేసి చూపిస్తుంది.

ఫోన్‌తో వచ్చిన పాత వైరు ఇయర్‌ఫోన్లు ఉంటే ఈ రాత్రికే పెట్టి చూడండి. ఏదీ కొనకముందే.

రాత్రిగిటార్
పై పోస్టుకి ఒక తోక. బ్లూటూత్ హెడ్‌సెట్‌లోని మైక్ కూడా వాడబోతారేమో, ఆ పని అసలు చేయొద్దు. మైక్ ఆన్ కాగానే మామూలు హెడ్‌సెట్లు ఫోన్ కాల్ మోడ్‌లోకి వెళ్ళిపోతాయి, వినిపించే పాట కూడా మోనోలో టెలిఫోన్ గొంతులా మారిపోతుంది.

శ్రుతిలయ
తాళంతప్పినవాడు చెప్పింది నిజమే కానీ వైరు పెట్టగానే మొత్తం సరిపోతుందని నేననుకోను. ఆడాసిటీలో లేటెన్సీ కాంపెన్సేషన్ (ఆలస్యాన్ని సరిచేసేది) అని ఒక అంకె ఉంటుంది, మామూలుగా మైనస్ 130 మిల్లీసెకన్లు పెట్టి ఉంటుంది. అంటే రెండో ట్రాక్‌ని అంత ముందుగా వినిపించేలా ఎడమకి జరుపుతుంది అన్నమాట. ఆ 130 అందరి కంప్యూటర్‌కీ సరిపోయే అంకె కాదు, ఒక అంచనా.

సరి చేసుకోవడం చాలా తేలిక. ఒక క్లిక్ ట్రాక్ తయారు చేయండి, జనరేట్ మెనూలో రిథమ్ ట్రాక్ అని ఉంటుంది. వైరు ఇయర్‌ఫోన్‌ని మైక్‌కి ఆనించి పట్టుకుని ఆ క్లిక్‌లనే రెండో ట్రాక్‌లోకి రికార్డ్ చేయండి. బాగా జూమ్ చేస్తే మొదటి ట్రాక్ క్లిక్‌కీ రెండో దానికీ మధ్య ఖాళీ కనిపిస్తుంది. దాన్ని సెలెక్ట్ చేసి ఎన్ని మిల్లీసెకన్లో చూసి, ఆ అంకెను సెట్టింగ్‌లో సవరించండి. మళ్ళీ ఒకసారి రికార్డ్ చేసి చూసుకోండి.

రీపర్‌రాజా
ఇంత తిప్పలు ఎందుకండీ. రీపర్‌లో ఇంటర్‌ఫేస్ ఏఎస్ఐఓ డ్రైవర్ (విండోస్‌లో ధ్వనిని తక్కువ ఆలస్యంతో పంపే ప్రోగ్రామ్) ఎంత ఆలస్యమో తనే చెబుతుంది, రీపర్ దాన్ని చదువుకుని ట్రాక్‌ని తనే సరైన చోట పెడుతుంది.

శ్రుతిలయ
ఇంటర్‌ఫేస్ ఉంటే. ఆయన దగ్గర లేదు. డ్రైవర్ చెప్పే అంకె కూడా అన్నిసార్లూ నిజం కాదు, అందుకే రీపర్‌లో కూడా చేత్తో సవరించే గడి ఇచ్చారు.

లినక్సుబాబు
మా వైపు ఇవేం గొడవలు ఉండవు. మాకు సౌండ్ రావడమే పండగ.

పాతటేపు
😀 బాబూ, పైప్‌వైర్ (లినక్స్‌లో ధ్వనిని నడిపే కొత్త సాఫ్ట్‌వేర్) వచ్చాక కూడా ఆ జోకేనా?

లినక్సుబాబు
నిజమే, పైప్‌వైర్ వచ్చాక బాగుపడింది. పాత అలవాటు కొద్దీ ఏడుస్తున్నా. ఇంటర్‌ఫేస్ కొనేవాళ్ళకి ఒక మాట: క్లాస్ కంప్లయంట్ అని ఉన్నది చూసుకోండి. అలాంటిది ప్రత్యేకమైన డ్రైవర్ లేకుండానే లినక్స్‌లో, మ్యాక్‌లో, ట్యాబ్లెట్లలో నడుస్తుంది. విండోస్ వాళ్ళకి మాత్రం తయారీదారు ఇచ్చే ఏఎస్ఐఓ డ్రైవర్ ముఖ్యం. బాక్స్ మీద మెరిసే అంకెలు కాదు, ఆ డ్రైవర్ ఎంత బాగుందో ముందు విచారించండి.

నిశ్శబ్దం24
లయ సంగతి తేలింది కాబట్టి బావి సంగతి నేను చెబుతా. అది మైక్ లోపం కాదు, సాఫ్ట్‌వేర్ లోపం అంతకన్నా కాదు. ఖాళీ గది, చెయ్యి చాపినంత దూరంలో మైక్, ఈ రెండూ కలిస్తే ఎంత గొప్ప మైక్ పెట్టినా అదే బావి. నోటి నుంచి మైక్‌కి దూరం రెట్టింపు చేసిన ప్రతిసారీ నేరుగా వచ్చే గొంతు సుమారు 6 డీబీ (డెసిబెల్లు) తగ్గుతుంది. గోడలకి తగిలి తిరిగొచ్చే ధ్వని మాత్రం గదిలో ఎక్కడ పెట్టినా దాదాపు అంతే ఉంటుంది. కాబట్టి దూరం పెరిగేకొద్దీ మీ గొంతు తగ్గి గది పెరుగుతుంది. మైక్‌ని జానెడు దూరానికి తెస్తే సగం రోగం కుదిరిపోతుంది.

మిగతా సగం గది. గుడ్ల అట్టలు గోడకి అంటించొద్దు, అవి దేన్నీ ఆపవు. పల్చని ఫోమ్ ముక్కలు కూడా పై శబ్దాలనే పీలుస్తాయి, కింది శబ్దాలు అలాగే తిరుగుతాయి. 100 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు దాదాపు 3.4 మీటర్లు, దాన్ని వేలెడు మందం ఫోమ్ ఏం పట్టుకుంటుంది? అందుకే ఫోమ్ ఎక్కువ అంటించిన గదుల్లో గొంతు ముక్కు మూసుకుని పాడినట్టు మందంగా వస్తుంది. మందపాటి రజాయిలు, పరుపు, బట్టలు నిండిన బీరువా తలుపులు తెరిచి పెట్టడం, ఇవి ఫోమ్ కంటే నయం. డబ్బు పెట్టే ఓపిక వచ్చినప్పుడు రాక్‌వూల్ (ధ్వనిని పీల్చే రాతినార) పలకలు బట్టలో చుట్టి పెట్టుకోవచ్చు, కనీసం 10 సెంటీమీటర్ల మందం.

చాలామంది తిరగేసి చేసే పని ఇంకొకటి. మైక్ వెనక గోడకి దుప్పటి కడతారు. కార్డియాయిడ్ మైక్ తన వెనక నుంచి వచ్చేది ఎలాగూ తక్కువ వింటుంది, అది చూసేది మీ వైపు. అంటే మీ వెనక గోడ నుంచి వచ్చేదంతా నేరుగా దాని నోట్లో పడుతుంది. కాబట్టి దుప్పటి మీ వీపు వెనక ఉండాలి. గది సరిగ్గా మధ్యలోనూ మూలల్లోనూ కూర్చోకండి.

రాత్రిగిటార్
నిశ్శబ్దం గారి పేరుకి న్యాయం చేసే పోస్టు.

కండెన్సర్‌ప్రియ
గది సంగతి ఒప్పుకుంటా. కానీ లాప్‌టాప్ మైక్‌తో ఎంత దగ్గరగా పాడినా దాని స్థాయి దానిది. విండోస్‌లో నాయిస్ సప్రెషన్, ఆటో గెయిన్ లాంటివి ఆన్‌లో ఉంటే గిటార్ తీగ మోగి సన్నగిల్లేటప్పుడు అది శబ్దమో రొదో తెలియక మధ్యలో నరికేస్తుంది. అవి ఆపేయండి, ఆ తర్వాత కండెన్సర్ కొనండి. ఏటీ2020, రోడ్ ఎన్‌టీ1 లాంటివి. అకౌస్టిక్ గిటార్ తీగ మీద వేలి గీత కూడా వినబడుతుంది, డైనమిక్ మైక్‌లో (స్టేజీల మీద వాడే మోటు రకం) ఆ పైశబ్దం అంతగా రాదు. కండెన్సర్‌కి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైక్ వైరులోంచే వెళ్ళే కరెంటు) కావాలి, అది ఇంటర్‌ఫేస్‌లోంచి వస్తుంది.

రాత్రిగిటార్
ఖాళీ గదిలో కూర్చున్న మనిషికి కండెన్సర్ చెబుతున్నారా ప్రియగారూ? వేలి గీతతో పాటు పక్కింటి కుక్క, ఫ్రిజ్, ఆయన కుర్చీ, ఆయన కడుపు కూడా వినబడతాయి. మా కిటికీ కింద రోడ్డు ఉంది, నేను ఎస్ఎం58 అనే డైనమిక్ మైక్‌తో పాడతాను, పెదవికి మూడు వేళ్ళ దూరం. రోడ్డు దాదాపు వినపడదు. 1966 నుంచి అమ్ముతున్న మైక్ అది, ఊరికే ఉందా?

కండెన్సర్‌ప్రియ
రోడ్డు వినపడకపోవడం డైనమిక్ మహిమ కాదండీ, మీ మూడు వేళ్ళ మహిమ. అదే దూరంలో కార్డియాయిడ్ కండెన్సర్ పెట్టి గెయిన్ (మైక్ శబ్దాన్ని ఎంత పెంచాలన్నది) తగ్గించి, గొంతు రెండిట్లో ఒకే స్థాయిలో వచ్చేట్టు చేసి పోల్చండి. రోడ్డు కూడా దాదాపు ఒకే స్థాయిలో ఉంటుంది. కండెన్సర్ సెన్సిటివిటీ ఎక్కువంటే అది గొంతునీ రోడ్డునీ సమానంగా పెంచుతుంది, రోడ్డుని వెతుక్కుంటూ వెళ్ళదు.

రాత్రిగిటార్
లెక్క ప్రకారం సరే. కానీ కండెన్సర్‌కి మూడు వేళ్ళ దూరంలో ఎవరు పాడతారు? ప, బ అక్షరాలు పలికినప్పుడల్లా బాంబు పేలినట్టు ఉంటుంది. అందుకని దూరం జరుగుతారు, జరగ్గానే గది వస్తుంది. నేను చెప్పేది వాడకంలో జరిగేది.

పాతటేపు
ఇద్దరూ ఒకే మాట చెబుతూ కొట్టుకుంటున్నారు. కార్డియాయిడ్ ఏదైనా దగ్గరికెళ్తే కింది స్వరాలు ఉబ్బుతాయి, అది కూడా మర్చిపోకండి. మంద్రంగా పాడేవాళ్ళకి మూడు వేళ్ళ దూరంలో గొంతు బురదగా వస్తుంది, అప్పుడు 100 హెర్ట్జ్ దగ్గర కట్ చేయాల్సిందే.

కంచుకంఠం
నేను సగం చదివి అడుగుతున్నా, ఏమనుకోకండి. వీడియోల్లో అందరి ముందూ కనబడేది ఎస్ఎం7బీ మైక్ కదా. డైరెక్టుగా అదే కొనేస్తే గోల ఉండదు కదా?

నిశ్శబ్దం24
కొనొచ్చు, కానీ దానికి సుమారు 60 డీబీ గెయిన్ కావాలని దాని తయారీదారే చెబుతుంది. చిన్న ఇంటర్‌ఫేస్‌లలో గెయిన్ నాబ్ చివరిదాకా తిప్పినా చాలకపోవచ్చు, చాలినా ఆఖర్లో హిస్ (బుసలాంటి రొద) మొదలవుతుంది. అప్పుడు మధ్యలో బూస్టర్ కావాలి. మెల్లగా పాడే మనిషికి ఇంకా కష్టం. వీడియోల్లో కనపడేది ఎక్కువగా మాట్లాడేవాళ్ళ దగ్గర, వాళ్ళు మైక్‌ని కొరికేంత దగ్గరగా ఉంటారు, గమనించండి.

కంచుకంఠం
నేను మెల్లగా పాడను. పేరు చూశారుగా.

తాళంతప్పినవాడు
😂 మీకు మైక్ ఎందుకండీ అసలు.

గుమ్మడి_యూఎస్‌బీ
ఇంతమంది మాట్లాడారు, యూఎస్‌బీ మైక్ అని ఒక్కరూ అనలేదేంటి? మైక్, దాని ధ్వనిని పెంచే ప్రీఆంప్, అంకెలుగా మార్చే కన్వర్టర్ అన్నీ ఒకే డబ్బాలో. నేను అదే వాడతాను, వైరు పెడితే అయిపోయింది. మైక్ మీదే హెడ్‌ఫోన్ జాక్ ఉన్నది తీసుకుంటే మన గొంతు ఆలస్యం లేకుండా నేరుగా వినొచ్చు. హాబీకి ఇంటర్‌ఫేస్ దాకా ఎందుకు?

శ్రుతిలయ
ఒక్కరే, ఒక్క మైక్‌తో, ఎప్పటికీ అలాగే చేస్తామంటే యూఎస్‌బీ మైక్ హాయి. కానీ ఈయన గిటార్ కూడా వాయిస్తారు. రేపు గిటార్‌కి ఒకటి గొంతుకి ఒకటి పెట్టి ఒకేసారి రికార్డ్ చేయాలనిపిస్తుంది. రెండు యూఎస్‌బీ మైకులు అంటే రెండు వేర్వేరు గడియారాలు. రెండూ 48 కిలోహెర్ట్జ్ అనే చెబుతాయి, కానీ ఒకటి వెంట్రుకవాసి వేగంగా పోతుంది, పాట పొడుగైతే చివరికి రెండూ విడిపోతాయి. విండోస్‌లో రెండిట్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఏఎస్ఐఓతో వాడటం కూడా తలనొప్పి. మ్యాక్‌లో అగ్రిగేట్ డివైస్ అని కలపొచ్చు, డ్రిఫ్ట్ కరెక్షన్ టిక్ పెట్టాలి.

రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ అయితే మైక్ పాడైతే మైక్ ఒక్కటే మారుస్తాం. గిటార్‌లో పికప్ (తీగల కదలికని కరెంటుగా మార్చేది) ఉంటే ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌లో నేరుగా పెట్టొచ్చు. యూఎస్‌బీ మైక్‌లో కన్వర్టర్ పోతే మైక్ కూడా పోయినట్టే.

గుమ్మడి_యూఎస్‌బీ
రేపటి సంగతి రేపు. ఇంటర్‌ఫేస్ కొన్నాక మైక్, మైక్ కొన్నాక వైరు, వైరు కొన్నాక స్టాండు, స్టాండు కొన్నాక పాప్ ఫిల్టర్ (గాలి దెబ్బ ఆపే జాలి)... పాట ఎప్పుడు పాడతారు?

పాతటేపు
గుమ్మడి గారి మాటలో నిజం ఉంది. స్టాండుని మాత్రం జోకుగా తీసుకోకండి. మంచి మైక్ కొని పుస్తకాల దొంతర మీద ఆనించేవాళ్ళని చాలామందిని చూశాను, కాలు కదిలితే చాలు ప్రతి చప్పుడూ బల్లలోంచి మైక్‌లోకి ఎక్కుతుంది. మైక్ ఎక్కడ కావాలో అక్కడ కదలకుండా నిలబెట్టగలిగితే సగం రికార్డింగ్ అయినట్టే.

బాత్రూంసింగర్
వైరు ఇయర్‌ఫోన్లు పెట్టి చూశాను. ఈడ్చడం చాలావరకు పోయింది, శ్రుతిలయ గారు చెప్పిన క్లిక్ పరీక్ష చేసి అంకె మార్చాక మొత్తం పోయింది! లాప్‌టాప్‌ని దగ్గరికి తెచ్చి, వీపు వెనక రజాయి వేలాడదీసి పాడితే బావి కూడా సగం పూడింది. ఇప్పుడు లాప్‌టాప్ లోపలి ఫ్యాన్ వినబడుతోంది, అది వేరే సంగతి. మీ వాదనలన్నీ చదివి రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ దగ్గర ఆగాను. స్కార్లెట్ 2ఐ2, యూఎంసీ202హెచ్‌డీ చూస్తున్నా, రెండిటి మీదా 192 కిలోహెర్ట్జ్ అని ఉంది. అందులో పెట్టే రికార్డ్ చేయాలా? మరి సాఫ్ట్‌వేర్ ఆడాసిటీనే ఉంచుకోనా?

నిశ్శబ్దం24
192 వద్దు. 48లో పెట్టండి, వీడియోకి కూడా అదే వాడతారు. ఈ అంకె శాంపిల్ రేటు, అంటే సెకనుకి ధ్వనిని ఎన్ని వేలసార్లు కొలుస్తుందో అది. శాంపిల్ రేటులో సగం దాకా ఉన్న ధ్వనిని పట్టుకోవచ్చు, 44.1లో అయినా 22 కిలోహెర్ట్జ్ దాకా వస్తుంది, మనిషి చెవి ఎంత కుర్రదైనా 20 దగ్గర ఆగిపోతుంది. 192 పెడితే ఫైల్ నాలుగింతలు, కంప్యూటర్‌కి బరువు, వినడానికి ఏమీ రాదు.

24 బిట్ (ఒక్కో కొలత ఎంత సూక్ష్మమో చెప్పేది) మాత్రం తప్పకుండా పెట్టండి. 16 బిట్‌కి సిద్ధాంతం ప్రకారం సుమారు 96 డీబీ పరిధి, 24కి 144. ఏ గదీ ఏ ప్రీఆంప్ కూడా 144 ఇవ్వదు, లాభం వేరే చోట ఉంది: గెయిన్ తక్కువగా పెట్టుకుని ధైర్యంగా పాడొచ్చు. గట్టిగా పాడిన చోట మీటర్ మైనస్ 12 దగ్గర ఆగితే చాలు. సున్నా దాటితే తరంగం తల తెగిపోతుంది, ఆ తెగిన తల ఏ ప్లగిన్‌తోనూ తిరిగి అతకదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో అంటే నిమిషానికి సుమారు 8.6 ఎంబీ, ఈ రోజుల్లో అదొక లెక్కా.

కంచుకంఠం
మైనస్ 12 అంటే ట్రాక్ చిన్నగా వినబడుతుంది కదా? నేనెప్పుడూ ఎర్ర లైటు దాకా తోస్తాను.

నిశ్శబ్దం24
తర్వాత పెంచుకోవచ్చు. ఎర్ర లైటు దాకా తోయడం టేపు కాలంలో కొంతవరకు చెల్లింది, టేపు హిస్ పైకి గొంతు రావాలి కాబట్టి. డిజిటల్‌లో ఆ అవసరమే లేదు.

పాతటేపు
నా పేరు తీసుకురాకుండా నా మీద రాళ్ళేశారు.

రీపర్‌రాజా
సాఫ్ట్‌వేర్ ప్రశ్న వచ్చింది కాబట్టి ఈసారి వివరంగా చెబుతా, ముగిసింది అనను.

ఆడాసిటీ బొమ్మ కాదు. ఉన్న ఫైల్‌ని కోయడానికి, రొద తీయడానికి, క్లాసు పాఠం రికార్డ్ చేయడానికి నేనూ అదే తెరుస్తాను. 2022లో వచ్చిన 3.2 నుంచి ఎఫెక్టులు ట్రాక్ మీద పెట్టి వింటూ మార్చుకోవచ్చు కూడా, అంతకుముందు ఎఫెక్ట్ వేస్తే ఫైల్‌లోనే కలిసిపోయేది. విండోస్‌లో దానికి చిక్కు ఏంటంటే మనకి డౌన్‌లోడ్‌గా దొరికే వెర్షన్ చాలా ఏళ్ళు ఏఎస్ఐఓ లేకుండానే వచ్చింది, లైసెన్సు కారణాల వల్ల. మీరు దించుకున్నదాంట్లో ఉందో లేదో చూసుకోండి. ఇంటర్‌ఫేస్ కొన్నాక దాని అసలు డ్రైవర్‌ని వాడుకోలేకపోతే సగం లాభం పోయినట్టే. గొంతుని రెండు మూడు సార్లు పాడి, మంచి ముక్కలు ఏరి ఒకటిగా కూర్చుకోవాలన్నా రీపర్‌లో పని చాలా సులువు.

రీపర్ 60 రోజులు పూర్తి ఫీచర్లతో వాడి చూడొచ్చు. ఈక్యూ (పై, కింది శబ్దాల పాళ్ళు సవరించేది), కంప్రెసర్ (గట్టి, మెల్లని చోట్ల తేడా తగ్గించేది), రొద తగ్గించేది, శ్రుతి సవరించేది అన్నీ లోపలే ఉన్నాయి. ఒకప్పుడు విన్యాంప్ అనే పాటల ప్లేయర్ రాసిన జస్టిన్ ఫ్రాంకెల్ దీన్నీ మొదలుపెట్టాడు, డౌన్‌లోడ్ కూడా చిన్నదే, పాత లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది.

తాళంతప్పినవాడు
60 రోజుల తర్వాత ఏమవుతుందో కూడా చెప్పు రాజా.

రీపర్‌రాజా
లైసెన్స్ కొనమని అడుగుతుంది. మర్యాదగల మనుషులు కొంటారు.

తాళంతప్పినవాడు
నీ 60 రోజులు ఏ సంవత్సరంలో మొదలయ్యాయి?

రీపర్‌రాజా
నేను కొన్నానయ్యా! 😀

కండెన్సర్‌ప్రియ
రాజా గారి భక్తికి దండం. మొదటిసారి రీపర్ తెరిచిన మనిషి ముందు మాత్రం ఒక బూడిద రంగు ఎడారి కనపడుతుంది, ట్రాక్ ఎక్కడ చేర్చాలో కూడా తెలియదు. మ్యాక్ ఉన్నవాళ్ళు గరాజ్‌బ్యాండ్‌తో మొదలుపెడితే అరగంటలో పాట వస్తుంది. విండోస్‌లో ఉచితంగా కావాలంటే వేవ్‌ఫామ్ ఫ్రీ ఉంది. ప్రో టూల్స్ మీద అంత మోజు ఉంటే ఇంట్రో వెర్షన్ ఉచితమే, 8 ఆడియో ట్రాకుల దాకా. గిటార్, గొంతు, రెండు కోరస్‌లకి 8 ఎక్కువే. కొన్ని ఇంటర్‌ఫేస్‌లతో ఏబుల్టన్ లైవ్ లైట్ కూడా ఇస్తారు, బాక్స్ లోపలి కాగితం పారేయకముందు చూసుకోండి.

లినక్సుబాబు
ఆర్డర్ (Ardour) అనే సాఫ్ట్‌వేర్ ఒకటుందని ఎవరైనా చెబుతారేమో అని ఇంతసేపూ చూశా. ఓపెన్ సోర్స్, రికార్డింగ్ కోసమే పుట్టింది. లినక్స్ డిస్ట్రోల్లో ఉచితంగా దొరుకుతుంది. వాళ్ళ సైట్‌లో తయారుగా ఉన్నది కావాలంటే ఎంతో కొంత ఇవ్వాలి. ఎల్ఎంఎంఎస్ ఉచితం కదా అని దించుకోకండి, అది బీట్లు, సింథ్‌లు కూర్చడానికి. మైక్ రికార్డింగ్ కోసం కాదు.

బాత్రూంసింగర్
ఇంటర్‌ఫేస్ పెట్టాక బఫర్ అని ఏదో సెట్ చేయాలంటున్నారు. అదేంటి?

తాళంతప్పినవాడు
కంప్యూటర్ ధ్వనిని చుక్క చుక్కగా కాకుండా చిన్న చిన్న కుప్పలుగా తీసుకుంటుంది, ఆ కుప్ప సైజే బఫర్. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్ళంటే 2.7 మిల్లీసెకన్లు, 512 అంటే 10.7. ఇది ఒక వైపుకి. వెళ్ళి రావాలి కాబట్టి దాదాపు రెట్టింపు, కన్వర్టర్లు, యూఎస్‌బీ ఇంకొంచెం తింటాయి. పాడేటప్పుడు 128, మిక్స్ చేసేటప్పుడు 512 లేదా 1024 పెట్టుకోండి. చిటపటలు వస్తే బఫర్ పెంచండి. ఇంకా వస్తే రికార్డింగ్ సేపు వైఫై ఆపి చూడండి, విండోస్ లాప్‌టాప్‌లలో వైఫై డ్రైవర్ దొంగతనం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

అసలు సులువేంటంటే ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంటుంది. అది నొక్కితే మీ గొంతు కంప్యూటర్‌లోకి వెళ్ళకముందే చెవికి వస్తుంది, అప్పుడు బఫర్ గురించి టెన్షన్ అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ ఆపేయండి, లేకపోతే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది.

రాత్రిగిటార్
హెడ్‌ఫోన్లు కూడా మూసి ఉన్నవి, క్లోజ్డ్ బ్యాక్ తీసుకోండి. ఎండీఆర్7506, ఏటీహెచ్ ఎం50ఎక్స్ లాంటివి. వెనక తెరిచినవి మిక్సింగ్‌కి బాగుంటాయి కానీ పాడేటప్పుడు వాటిలోంచి గిటార్ కారి మైక్‌లో పడుతుంది. డీటీ770 కొనేవాళ్ళు ఓమ్స్ (విద్యుత్ నిరోధం అంకె) చూసుకోండి, 250 ఓమ్స్‌ది చిన్న ఇంటర్‌ఫేస్‌తో మెల్లగా వినబడుతుంది. 80ది చాలు.

గుమ్మడి_యూఎస్‌బీ
ఇంటర్‌ఫేస్ గెలిచినట్టుంది, ఓటమి అంగీకరించను కానీ ఒక సలహా. లాప్‌టాప్ చార్జర్ పెట్టి ఉన్నప్పుడు సన్నగా కీచుమనే శబ్దమో గుయ్‌మనే శబ్దమో వస్తే చార్జర్ తీసి చూడండి. ముఖ్యంగా గిటార్ పికప్ నేరుగా పెట్టినప్పుడు. చాలామంది ఇంటర్‌ఫేస్ పాడైందని వెనక్కి పంపేస్తారు.

ఫోన్‌గాయని
నాకు లాప్‌టాపే లేదు, ఫోన్ ఒక్కటే. ఈ లోకంలో నాకు చోటుందా?

శ్రుతిలయ
బోలెడు. లినక్సుబాబు చెప్పిన క్లాస్ కంప్లయంట్ ఇంటర్‌ఫేస్ చాలా ఫోన్లకి వైరుతో పెట్టొచ్చు, కాకపోతే ఫోన్ ఇచ్చే కరెంటు చాలకపోతే మధ్యలో పవర్ ఇచ్చే హబ్ కావాలి. ఫాంటమ్ పవర్ వాడితే ఇంకా కావాలి. ఏదీ కొనకుండా అయితే ఫోన్ మైక్‌తోనే, కానీ గొంతుని తనే పెంచి తగ్గించే ఆటో గెయిన్‌ని ఆపగలిగే యాప్ వెతకండి. లేకపోతే మీరు మెల్లగా పాడిన చోట ఫోన్ గదిని పైకి లాగుతుంది. ఫోన్‌ని స్టాండు మీద పెట్టి, నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా ఉంచండి, గాలి తగలదు. ఫ్లైట్ మోడ్ సరేసరి.

ఫోన్‌గాయని
ఫ్లైట్ మోడ్ సంగతి నాకు ఎప్పుడూ గుర్తుండదు, మంచి చరణంలోనే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.

చేతివాటం
ఇదే చర్చలో నా గోల కూడా. తబలా. కుడికి ఒక మైక్, ఎడమకి ఒక మైక్, రెండూ జానెడు దూరంలో పెట్టాను. విడివిడిగా వింటే బాగున్నాయి, రెండూ కలిపితే పలచగా డొల్లగా వస్తోంది. ఇంటర్‌ఫేస్ తప్పా?

పాతటేపు
తప్పు దేనిదీ కాదు. కుడి దెబ్బ ముందు కుడి మైక్‌కి చేరి, క్షణం తర్వాత ఎడమ మైక్‌కి కూడా చేరుతుంది. ఆ రెండూ కలిసినప్పుడు కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మైకుల మధ్య దూరం, మైక్‌కి వాద్యానికి ఉన్న దూరానికి కనీసం మూడు రెట్లు ఉండాలని పాత సూత్రం. మీరు జానెడు దూరంలో పెట్టారు, అంటే మైకుల మధ్య మూడు జానలు కావాలి, పక్కపక్కనే ఉండే రెండు తబలాల మీద అది ఎలా కుదురుతుంది? అందుకని ఒకటే మైక్ పైన, రెండిటి మధ్యకి చూస్తూ మూరెడు ఎత్తులో పెట్టి చూడండి. స్టీరియో కావాలంటే ఒకే రకం మైకులు రెండు తీసుకుని తలలు ఒకచోట కలిపి, 90 డిగ్రీల కోణంలో పెట్టండి. రెండిటికీ ధ్వని ఒకేసారి చేరుతుంది కాబట్టి ఈ గొడవ రాదు.

చేతివాటం
పైన ఒక్కటి పెట్టాను. డొల్లతనం పోయింది, కానీ ఎడమ చేతి గుంకి (ఆ గుమ్మనే మంద్ర ధ్వని) కొంచెం తగ్గింది.

రీపర్‌రాజా
ఒక్క మైక్ వద్దనుకుంటే పాత రికార్డింగ్‌లోనే ఒక ట్రాక్ మీద ఫేజ్ బటన్ నొక్కి చూడండి. రీపర్‌లో ప్రతి ట్రాక్ మీదా ఉంటుంది.

లినక్సుబాబు
ఆర్డర్‌లో కూడా ఉంటుంది.

నిశ్శబ్దం24
ఆ బటన్ తరంగాన్ని తలకిందులు చేస్తుంది అంతే, ఆలస్యాన్ని సరిచేయదు. అదృష్టం ఉంటే కొంత మెరుగవుతుంది, లేకపోతే ఇంకోచోట డొల్ల పడుతుంది. రెండు ట్రాకుల్నీ జూమ్ చేసి ఒకదాన్ని కొంచెం జరిపినా కుడి దెబ్బకి సరిపోతే ఎడమ దెబ్బకి సరిపోదు, ఎందుకంటే ఎడమది ముందు అటు మైక్‌కి చేరుతుంది. చేతివాటం గారూ, గుంకి తగ్గిందంటే మైక్‌ని నాలుగు వేళ్ళు ఎడమకి జరిపి, ఎత్తు అలాగే ఉంచి మళ్ళీ ఒకసారి వాయించండి.